ఎమ్మెస్సీ తర్వాత ఏ వార్డు?

నర్సింగులో పై చదువు విలువను జీతంతో కొలవడం మన అలవాటు. అది సగం లెక్కే. ఆ చదువు పూర్తయ్యాక రోగి మంచం దగ్గర కొత్తగా ఏ పని చేయనిస్తారన్నది మిగతా సగం. నా దృష్టిలో ముఖ్యమైన సగం కూడా అదే. స్పెషాలిటీ మార్చుకోవాలనుకునే నర్సుకైతే ఈ రెండో లెక్క మరీ అవసరం.

అమెరికాను చూస్తే ఇది తేటపడుతుంది. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టిన శిక్షణ నుంచి నర్స్ ప్రాక్టీషనర్ వృత్తి పుట్టింది. వీరు రోగిని పరీక్షిస్తారు, జబ్బు తేలుస్తారు, మందులు రాస్తారు. ఎంత స్వతంత్రంగా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అయితే పిల్లలా, వృద్ధులా, మానసిక రోగులా, ఎవరిని చూస్తారో చదివేటప్పుడే తేల్చుకోవాలి. లైసెన్సు ఆ మేరకే వస్తుంది. కుటుంబ ఆరోగ్యంలో మాస్టర్స్ చేసినామె కొన్నేళ్లకు మానసిక వైద్యం వైపు మళ్లాలనుకుంటే అనుభవం ఒక్కటే చాలదు, మళ్లీ చదివి కొత్త బోర్డు పరీక్ష రాయాలి. అలాగని ఇంకో మాస్టర్స్ అక్కర్లేదు. పాత కోర్సులను లెక్కలోకి తీసుకుని, తక్కువైనవి చదివించి, పర్యవేక్షణలో రోగులను చూడనిచ్చే పోస్ట్ మాస్టర్స్ సర్టిఫికెట్ సరిపోతుంది. డాక్టరేట్ చేస్తే హోదా పెరుగుతుందేమో గానీ, అదే స్పెషాలిటీలో మందులు రాసే అధికారం వీసమెత్తు కూడా పెరగదు. 2015 కల్లా ప్రాక్టీషనర్ల చదువు డాక్టరేట్ స్థాయికి చేరాలని అక్కడి నర్సింగ్ కాలేజీల సంఘం 2004లోనే కోరింది. గడువు దాటినా మాస్టర్స్‌తో లైసెన్సులు వస్తూనే ఉన్నాయి. మత్తు ఇచ్చే నర్సుల సంగతి వేరు: 2022 నుంచి ఆ కోర్సులో చేరేవారికి డాక్టరేట్ తప్పనిసరి.

మన దగ్గర ఎమ్మెస్సీ నర్సింగులో ఐదు శాఖలున్నాయి: మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లలు, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం. రెండేళ్లు చదివాక ఎక్కువమందికి తెరుచుకునేది నర్సింగ్ కాలేజీ తలుపే. పాఠం చెప్పాలనుకునేవారికి ఈ డిగ్రీ లేకుండా పై మెట్టు లేదు, వారు చదివి తీరాలి. వార్డులోనే ఉండాలనుకునేవారికి మాత్రం ఎమ్మెస్సీ పేరుతో ప్రత్యేకమైన పోస్టులు అరుదు. క్రిటికల్ కేర్, క్యాన్సర్, నవజాత శిశు సంరక్షణ వంటి వాటిలో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నా ఇళ్లలో వాటి ఊసే రాదు. పేరు చిన్నది కాబట్టి కాబోలు. తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రసవాలు చూసే మిడ్‌వైఫరీ నర్సులు చదివింది పద్దెనిమిది నెలల కోర్సు. ఎమ్మెస్సీ కంటే చిన్నదే అయినా, లేబర్ రూములో వారి పనిని అది మార్చేసింది.

చదువు పెరిగితే రోగులు బతుకుతారని రుజువైంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 2003లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రుల లెక్కలు తీసింది. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం ఎక్కువ ఉన్నచోట ఆపరేషన్ రోగుల మరణావకాశం 5 శాతం తక్కువని తేల్చింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో జరిగిన అధ్యయనమూ ఇదే దారిలో నడిచింది. కానీ అవి కొలిచింది డిగ్రీ నర్సుల వాటాను. మాస్టర్స్ వల్ల ఎంత మేలన్నది వాటి ప్రశ్నే కాదు. పైగా ఆ మేలు రోగి పక్కన నిలబడ్డ నర్సులది. చదివినవారు వార్డు వదిలిపోతే రోగికి నేరుగా ఒరిగేదేమిటి? వారు తీర్చిదిద్దే విద్యార్థుల ద్వారా కొంత అందుతుంది, కాదనను.

రేపు నిబంధన మారి పెద్ద డిగ్రీయే కావాలంటే ఎలా అన్న భయమూ ఉంది. మత్తు నర్సుల విషయంలో అది నిజమైంది, ప్రాక్టీషనర్ల విషయంలో ఇరవై ఏళ్లయినా కాలేదు. ఇలాంటి ఊహ మీద అప్పు చేసి చదవడం నాకు సబబనిపించదు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఎమ్మెస్సీ నర్సు వార్డులో ఏమేం చేయవచ్చో ఆ కమిషన్ స్పష్టంగా రాసిపెట్టాలి. అప్పటిదాకా, వార్డులోనే ఉంటూ స్పెషాలిటీ మారాలనుకునేవారు ముందు ఏడాది డిప్లొమా వైపు చూడటమే మేలు.