విషం చేసేవాడి దగ్గరే విరుగుడు

“ఆ మందు ఒంటికి అలవాటైపోయింది, ఇక పనిచేయదు.” ఈ మాట వినని ఇల్లుండదు. నిజానికి యాంటిబయాటిక్‌ను తట్టుకునేది మన ఒళ్లు కాదు, ఒంట్లో చేరిన బాక్టీరియా. అదీ అలవాటు వల్ల కాదు. తట్టుకునే జన్యువు ఉన్నవి బతుకుతాయి, లేనివి చస్తాయి. మరి ఆ జన్యువు ఎక్కడిది? అసలు అపోహలు ఇక్కడే మొదలవుతాయి.

అపోహ: నిరోధక జన్యువులు ఆసుపత్రుల్లో, మందుల వాడకం పెరిగాక పుట్టాయి.

వాస్తవం: తొలకరికి లేచే మట్టివాసనలో పెద్ద వాటా స్ట్రెప్టోమైసిస్ అనే నేల బాక్టీరియాది. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వెలికితీసింది ఈ కుటుంబంలోని గ్రీసియస్ నుంచే. క్షయను లొంగదీసిన తొలి యాంటిబయాటిక్ అది. నియోమైసిన్, కనామైసిన్ ఇచ్చినవీ దాని దాయాదులే. జెంటామైసిన్‌ను మాత్రం మైక్రోమోనోస్పోరా అనే మరో బాక్టీరియా ఇచ్చింది. అమైనోగ్లైకోసైడ్లు అనే ఈ మందులన్నీ బాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ను పట్టుకుని దాని పని చెడగొడతాయి. మందు చేసే జీవికీ రైబోజోమ్ ఉంటుంది కదా! అందుకే దాని డీఎన్‌ఏలో మందు తయారీ జన్యువుల పక్కనే రక్షణ జన్యువూ ఉంటుంది. విరుగుడు సిద్ధంగా లేనిదే విషం తయారుచేయడం దానికి ఆత్మహత్యే.

అపోహ: తాను చేసే మందు ఆ బాక్టీరియా మీద పుట్టుకతోనే పనిచేయదు.

వాస్తవం: గ్రీసియస్ రైబోజోమ్‌లను విడిగా తీసి స్ట్రెప్టోమైసిన్ కలిపితే అవీ దెబ్బతింటాయి. దాన్ని కాపాడేది ఒక ఎంజైమ్. మందు అణువుకు ఫాస్ఫేట్ తగిలించి కణం లోపల దాన్ని పనికిరాకుండా ఉంచుతుంది. బయటికి పంపేటప్పుడు మరో ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది. కత్తిని ఒరలోనే ఉంచి, గడప దాటాక దూయడమన్నమాట. మైక్రోమోనోస్పోరా దారి వేరు. అది మందు జోలికి పోదు. తన రైబోజోమ్ మీద మందు అతుక్కునే చోటే చిన్న మిథైల్ ముక్క తగిలిస్తుంది. ఇక జెంటామైసిన్‌కు పట్టు దొరకదు. కనామైసిన్ చేసే జీవి దగ్గర మందును మార్చే ఎంజైమూ ఉంది, రైబోజోమ్‌ను మార్చేదీ ఉంది. ఇంత పొందికైన ఏర్పాటు చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

అపోహ: ఆసుపత్రి క్రిములు ఈ జన్యువులను నిన్నమొన్న మట్టి నుంచి నేరుగా తెచ్చుకున్నాయి.

వాస్తవం: మందులు చేసే నేల బాక్టీరియాలోని ఎంజైమ్‌లూ రోగుల నుంచి తీసిన క్రిముల్లోనివీ ఒకే తీరుగా పనిచేస్తాయని 1973లో బెన్‌వెనిస్టే, జూలియన్ డేవిస్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. బంధుత్వం ఉంది. కానీ జన్యువుల అక్షరాల వరుసలు పోల్చితే తేడాలు చాలా ఎక్కువ. కాబట్టి నిన్నమొన్నటి దొంగతనం అనలేం, ఎంతో పాత వలస అనుకోవచ్చు.

అపోహ: ప్రకృతిలోనే ఉన్నదానికి మన తప్పేముంది?

వాస్తవం: ఈ వాదన నాకు కోపం తెప్పిస్తుంది. జన్యువు పాతదే. కానీ అది లేని బాక్టీరియాను మందుతో చంపి, ఉన్నవాటికి చోటు చేస్తున్నది మనం. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీదికెక్కితే ఆ జన్యువు ఒక జాతి బాక్టీరియా నుంచి మరో జాతికి దాటిపోతుంది. మందుల వాడకం ఆసుపత్రులకే పరిమితం కాలేదు. మన దగ్గర నిమ్మ గజ్జి తెగులుకు కొడుతూ వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్‌లో ఉన్నది ఎక్కువగా స్ట్రెప్టోమైసినే. తోటలో చల్లిన మందు మట్టిలోని బాక్టీరియాకూ తగులుతుంది.

అపోహ: కొత్త మందు వస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: మందును మార్చే ఎంజైమ్‌లను అర్థం చేసుకున్నాకే జపాన్‌లో కనామైసిన్‌కు కొత్త తోక తగిలించి అమికాసిన్ చేశారు. చాలా ఎంజైమ్‌లు దాన్ని తాకలేవు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ప్లాజోమైసిన్ ఇంకా ఎక్కువ ఎంజైమ్‌లను తప్పించుకుంటుంది. అయితే 2003లో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలో బయటపడిన ఆర్మ్‌ఏ అనే జన్యువు ఈ రెండింటినీ ఆపేస్తుంది. అది చేసే పని కొత్తదేం కాదు. మైక్రోమోనోస్పోరా మిథైల్ తగిలించే చోటే, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలోని అదే అక్షరానికి, ఇదీ మిథైల్ తగిలిస్తుంది.