దుంగ కొలిచాకే బేరమాడండి

మన్ననూర్ పరిసరాల్లో గట్టున నాలుగు టేకు చెట్లున్న రైతుకు అవి దాచుకున్న సొమ్ములాంటివే. అవసరం పడగానే ‘గుత్తగా ఇంత’ అని వ్యాపారికి అప్పగిస్తే మాత్రం నష్టపోతారు. కలపను ఘనపుటడుగుల లెక్కన అమ్మాలి.

లెక్క తేలికే. దుంగ నడిమధ్యన టేపు చుట్టి, చుట్టుకొలత అంగుళాల్లో చూడండి. దాన్ని 4తో భాగించండి. వచ్చిన అంకెను అదే అంకెతో హెచ్చవేసి, అడుగుల్లో పొడవుతో గుణించి, 144తో భాగించండి. చుట్టుకొలత 40 అంగుళాలు, పొడవు 10 అడుగులైతే: 10×10×10÷144 = 6.94 ఘనపుటడుగులు.

నిజానికి గుండ్రటి ఆ దుంగలో 8.84 ఘనపుటడుగుల కలప ఉంటుంది. అంటే ఈ పద్ధతిలోనే అయిదో వంతుకు పైగా తగ్గిపోయింది. ఆపైన ‘కోత తరుగు’ అంటూ మళ్లీ తీస్తామంటే ఒప్పుకోకండి. కొసన కొలవనివ్వకండి. కొసన 36 అంగుళాలుంటే లెక్క 5.62కే పడిపోతుంది. కొలత బెరడుతోనా, బెరడు తీశాకా అన్నది ముందే తేల్చుకోండి.

ధర లావును బట్టి, చేవను బట్టి ఉంటుంది. వంకర, తొర్ర, ముడులుంటే తగ్గుతుంది. అందుకే లావు దుంగలు, సన్నవి విడివిడిగా పేర్చి, వేర్వేరు ధరలు అడగండి. ఇద్దరు ముగ్గురు వ్యాపారులను విచారించండి.

పట్టాభూమిలో చెట్టయినా కొట్టే ముందు, తరలించే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. కాగితం లేకుంటే కలప చెక్‌పోస్టు దాటదు.