రౌటర్ల మాటల్లో తికమక

విదేశాల్లోని ఒక గ్రంథాలయం వెబ్‌సైటును మీరు ఇంట్లో కంప్యూటరు మీద తెరిచారనుకోండి. మీ కోరిక అక్కడికి చేరాలంటే ఎన్నో నెట్‌వర్కులు దాటాలి. ప్రతి కూడలిలోనూ దానికి దారి చూపే యంత్రమే రౌటరు. మరి రౌటరుకు దారి ఎలా తెలుస్తుంది? పక్క రౌటర్లు చెబుతాయి.

నెట్‌వర్కులు ఇలా చెప్పుకోవడానికి 1989లో రూపొందిన నియమావళి పేరు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, క్లుప్తంగా బి.జి.పి. ఇందులో ప్రతి నెట్‌వర్కుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఒక దారిని గురించిన కబురు ఏ నెట్‌వర్కు గుండా పోతే అది తన సంఖ్యను చేర్చి ముందుకు పంపుతుంది. సాధారణంగా తక్కువ సంఖ్యలున్న దారినే రౌటర్లు ఎంచుకుంటాయి. కాబట్టి ఒక దారిలో రద్దీ తగ్గించడానికి చిన్న ఉపాయం ఉంది. తన సంఖ్యనే రెండు మూడు సార్లు వ్రాస్తే ఆ దారి పొడవుగా కనిపిస్తుంది!

ఈ పని అమెరికా కంపెనీ సిస్కో రౌటరుకు చెప్పాలంటే నెట్‌వర్కు సంఖ్యనే కావలసినన్ని సార్లు టైపు చేయాలి. లాట్వియా దేశపు మైక్రోటిక్ రౌటరుకైతే ‘ఎన్ని సార్లు’ అన్నది చెబితే చాలు.

2009 ఫిబ్రవరి 16న చెక్ రిపబ్లిక్‌లోని ఒక చిన్న నెట్‌వర్కులో ఈ తేడాయే చిక్కు తెచ్చింది. ఆ నెట్‌వర్కు సంఖ్య 47868. మైక్రోటిక్ రౌటరులో ‘ఎన్ని సార్లు’ అన్న చోట ఆ సంఖ్యే పడింది. కాని ఆ లెక్కకు ఉన్న చోటు ఒక్క బైటు. అందులో 0 నుంచి 255 వరకే పడతాయి. 47868ని 256 చేత భాగించి చూడండి. శేషం 252. రౌటరు తన సంఖ్యను 252 సార్లు వ్రాసి పంపింది.

కబురు నెట్‌వర్కు నుంచి నెట్‌వర్కుకు సాగింది. ఒక్కొక్కటీ తన సంఖ్య చేర్చగా మొత్తం 255 దాటింది. బి.జి.పి.లో ఒక వరుసకు 255 సంఖ్యలే పడతాయి. ఆపైన రెండో వరుస మొదలుపెట్టాలి. పాత సాఫ్ట్‌వేరు ఉన్న కొన్ని సిస్కో రౌటర్లు అలా చేయలేక తప్పు కబురు తయారు చేశాయి. అది అందుకున్న పక్క రౌటరు ఏం చేయాలి? అప్పటి నియమం ప్రకారం సంబంధం తెంచుకోవాలి. తెంచుకుంది. మళ్ళీ కలిసింది, మళ్ళీ అదే కబురు వచ్చింది, మళ్ళీ తెగింది. తెగిన ప్రతిసారీ ఆ పక్క నుంచి తెలిసిన మంచి దారులు కూడా పోయాయి. ప్రపంచంలో ఎన్నో చోట్ల ఇంటర్నెట్ తడబడింది.

2015లో ఈ నియమాన్ని సవరించారు. ఇప్పుడు చాలా రకాల తప్పులకు ఆ ఒక్క దారిని వదిలేస్తే చాలు, సంబంధం తెంచనక్కరలేదు. వేరువేరు కంపెనీల యంత్రాలు కలిసి పనిచేయాలంటే, తప్పు కబురు వస్తే ఏం చేయాలో కూడా అందరూ ముందే అనుకొని ఉండాలన్నమాట.

ఇప్పుడు మీకొక లెక్క. నెట్‌వర్కు సంఖ్య 65001 అయి ఉంటే, ఆ రౌటరు దాన్ని ఎన్నిసార్లు వ్రాసి ఉండేది?