పిల్లలు పట్నంలో ఉన్నారా? వరద సంగతి మీరూ తెలుసుకోండి



పెద్దారవీడులో కూర్చుని వరద గురించి వ్రాస్తే నవ్వుతారేమో. మన బాధంతా నీళ్ళు లేకనే. వేసవి వస్తే బోర్లు ఎండిపోతాయి, గుండ్లకమ్మ పారితే చూడడానికి వెళ్ళేవాళ్ళం మనం. కానీ వార్డులో మంచం ప్రక్కన కూర్చున్న తల్లిని "కొడుకు ఎక్కడున్నాడమ్మా" అని అడిగితే విజయవాడ అనో, గుంటూరు అనో, హైదరాబాదు అనో చెప్తుంది. పనికి పోయినవాళ్ళు అద్దె తక్కువని పల్లపు వీధుల్లో ఉంటారు. వరద ముందుగా వచ్చేది ఆ వీధులకే.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడలో జరిగింది అదే. బుడమేరు అనేది మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. ఎక్కువ నీళ్ళు వస్తే వెలగలేరు దగ్గర మళ్ళించి, కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతారు. ఆ రోజుల్లో కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది నిండుగా ఉంటే కాలువ నీళ్ళు అందులో దిగవు, వెనక్కి తన్నుతాయి. కాలువ కట్టలు తెగాయి. వాగు దారిలో ఇళ్ళు లేచి అది ఇరుకైపోయింది కూడా. సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వీధుల్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. అన్నం పొట్లాలు డ్రోన్లతో పంపవలసి వచ్చింది. మనకు దగ్గరలోని కర్నూలు కూడా 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి మునిగింది.

నీళ్ళు వచ్చిన రోజు కంటే తీసిన తరువాతే మా నర్సులకు పని ఎక్కువ. విజయవాడ వరద తరువాత ఒక సహోదరి పుట్టింటికి వచ్చి మా దగ్గర చేరింది. ఆమెకు షుగరు వ్యాధి. ఇన్సులిన్, బిళ్ళలు, చీటీలు అన్నీ మునిగిపోయాయి. శిబిరంలో డాక్టరు గారు అడిగితే "తెల్లటి బిళ్ళ, పొద్దున ఒకటి" అని మాత్రం చెప్పగలిగింది. అయిదు రోజులు మందు లేదు. బురదలో నడిచినప్పుడు కాలి వేలికి చిన్న గాయమైంది, షుగరు వల్ల నొప్పి తెలియలేదు. చివరికి ఆ వేలు తీసివేయవలసి వచ్చింది.

అందుకే నేను ముందుగా చెప్పేది మందుల సంచి. వర్షాకాలం మొదలు కాగానే రెండు వారాల మందులు, చీటీ, ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు గట్టి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, అటకమీద పెట్టమని పిల్లలకు చెప్పండి. చీటీని ఫోనులో ఫోటో తీసి మీకు పంపమనండి. అక్కడ పోయినా ఇక్కడ ఉంటుంది. కరెంటు పోతే ఇన్సులిన్‌ను తడి గుడ్డ చుట్టిన మట్టి కుండలో పెట్టవచ్చు, సీసాలోకి నీళ్ళు పోకూడదు. క్షయ, మూర్ఛ మందులు ఒక్క రోజు కూడా ఆపకూడదు. డయాలసిస్ రోగి, నెలలు నిండిన గర్భిణి ఉంటే హెచ్చరిక విన్న రోజే మెరక చోటికి వెళ్ళిపోవాలి. నీళ్ళు గుమ్మం దాటాక 108 బండి కూడా రాలేదు.

మరొకటి ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో నడిస్తే, కాలి పగుళ్ళ గుండా క్రిములు లోపలికి పోతాయి. జ్వరం వెంటనే రాదు, వారం రెండు వారాల తరువాత రావచ్చు. అప్పటికి వరద సంగతే మరచిపోతాం. తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రబడిన కళ్ళు ఉంటే "వరద నీళ్ళలో నడిచాను" అని డాక్టరుతో తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాటతో వైద్యం త్వరగా మొదలవుతుంది. ఆలస్యమైతే కామెర్లు వచ్చి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

త్రాగే నీళ్ళు తెర్లేలా కాచాలి, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగాలి. విరేచనాలైతే లీటరు నీళ్ళలో ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్. పాము కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, కదలకుండా ఆసుపత్రికి చేర్చండి. నీళ్ళు ఇంట్లోకి రాకముందే మెయిన్ స్విచ్ ఆపాలి.

ఇవన్నీ ఒక్క ఇంటివాళ్ళ వల్ల కావు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారని చెప్తారు. ఆ తరువాతే పైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. చెరువులు కట్టడం ప్రభుత్వం పని. వీధిలో మంచం పట్టిన తాతగారు ఏ ఇంట్లో ఉన్నారో, మేడ ఎవరికి ఉందో, ముందుగా ఎవరిని ఎవరు తీసుకుపోవాలో కూర్చుని వ్రాసుకోవడం మాత్రం ఆ వీధివాళ్ళ పని. సంఘంలో ఆదివారం ఆరాధన తరువాత అరగంట చాలు.

మీ రోగి ఇంటికి వెళ్ళే రోజున మందుల పేర్లు, మోతాదు తెలుగులో వ్రాసి ఇవ్వమని డ్యూటీ నర్సును అడగండి. రెండు కాగితాలు అడగండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.