జీతం లేని పని ఎవరు చేస్తారు?

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుండగా ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యగారూ, మా పిలగాడు రాత్రి పన్నెండు దాక కంప్యూటరు ముందట కూసుంటుండు. ఏం పనిరా అంటే పైథానుకు కోడు రాస్తున్న అంటడు. జీతమెంత అంటే ఏం లేదంటడు. జీతం లేని పని ఎవలన్న చేస్తరా?" అని అడిగాడు. కొడుకు ఇంజనీరింగు మూడవ సంవత్సరం. ఫీజు కోసం తండ్రి పత్తి చేను మీద అప్పు తెచ్చాడు. ఆయన బాధలో న్యాయం ఉన్నది. ఆనాడు నా దగ్గర జవాబు లేకపోయింది. తరువాత ఆ అబ్బాయి పక్కనే కూర్చుండి అడిగి తెలుసుకున్నాను. మన సంఘాలలో ఇంజనీరింగు చదివే పిల్లలున్న ఇళ్లు అనేకం గనుక, తెలిసినంత మట్టుకు ఇక్కడ వ్రాస్తున్నాను.

కంప్యూటరుకు పని చెప్పడానికి మనుష్యులు ఏర్పరచిన భాషలున్నాయి. వాటిలో పైథాన్ ఒకటి. నెదర్లాండ్స్ దేశస్థుడైన గైడో వాన్ రోసమ్ 1989లో క్రిస్మస్ సెలవులకు ఆఫీసు మూసి ఉండగా, ఊరికే కూర్చోలేక దీనిని మొదలుపెట్టాడు. 1991 ఫిబ్రవరిలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ పేరు కొండచిలువను చూసి పెట్టినది కాదు. ఒక బ్రిటిషు టీవీ హాస్య కార్యక్రమం పేరులో నుండి తీసుకున్నది. నేడు సి.బి.ఎస్.ఇ. బడులలో పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్సు పాఠాలు ఈ భాషలోనే చెబుతున్నారు.

ఈ భాషను నడిపించే ప్రోగ్రాము మూలప్రతిని ఎవరూ దాచిపెట్టలేదు. ఎవరైనా చదువవచ్చు, వాడుకోవచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. దీనినే ఓపెన్ సోర్సు అంటారు. మన ఊరి చెరువును తలచుకోండి. నీరు అందరిది. కట్టకు గండి పడితే మట్టి మోయడానికి అందరూ రావచ్చు. అయితే ఎవరంటే వారు తూము ఎత్తడానికి వీలు లేదు. దానికి నీరటికాడు ఉన్నాడు. పైథానులోనూ అంతే. సవరణ ఎవరైనా పంపవచ్చు. దానిని అసలు ప్రతిలో కలిపే అధికారం మాత్రం కొద్దిమంది 'కోర్ డెవలపర్ల'కే ఉన్నది.

పని జరిగే విధం ఇది. మూలప్రతి 2017 నుండి గిట్‌హబ్ అనే చోట ఉన్నది. పని చేయగోరినవాడు దాని నకలు తెచ్చుకొని, లోపాన్ని దిద్ది, తాను దిద్దినది సరిగా ఉన్నదని చూపే పరీక్షను కూడా వ్రాసి పంపుతాడు. ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేస్తాడు. ఆ సవరణ వలన పాతవేమైనా చెడిపోయాయేమోనని యంత్రాలే వేలాది పరీక్షలు నడుపుతాయి. ఆ తరువాత అనుభవజ్ఞులు పంక్తి పంక్తి చదివి, "ఇది ఎందుకు? అది మార్చు" అని అందరూ చూసేటట్టు వ్రాస్తారు. ఆ మాట పడి మళ్లీ దిద్దాలి. మన అబ్బాయి మొదటి సవరణ సహాయ పుస్తకంలోని ఒక ఉదాహరణలో తప్పు దిద్దడం. మార్చినవి రెండు మాటలు. పట్టినది మూడు వారాలు. ఆ ఆలస్యానికి అతడు విసిగిపోయాడు గాని మానుకోలేదు.

పెద్దవారికి కూడా ఈ పనిలో నొప్పి తప్పలేదు. 2018లో ఒక కొత్త గుర్తును చేర్చడం గురించి తీవ్రమైన వాదం జరిగింది. గైడో మాట నెగ్గింది గాని ఆ వాదంతో అలసిపోయి, ఆ జూలైలో నాయకత్వం వదులుకున్నాడు. 2019 నుండి కోర్ డెవలపర్లు ఎన్నుకొనే ఐదుగురి కమిటీ ఆ బాధ్యత వహిస్తున్నది.

మన ఆదిలాబాదుకు దీనితో ఏమి పని అని మీరు అడుగవచ్చు. నార్నూర్ ప్రాంతంలో గుంజాల అనే గోండు గ్రామం ఉన్నది. అక్కడ గోండి భాషకు సొంత లిపిలో వ్రాసిన పాత ప్రతులు దొరికాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం నుండి ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని లోకానికి తెలియజేసింది. ప్రపంచంలోని లిపులన్నిటికీ కంప్యూటరు కొరకు సంఖ్యలు కేటాయించే పట్టికను యూనికోడ్ అంటారు. గుంజాల గోండి లిపిని అందులో చేర్చాలని అన్షుమన్ పాండే ప్రతిపాదన వ్రాశారు. 2018 జూన్ 5న వచ్చిన యూనికోడ్ 11లో ఆ లిపికి చోటు దొరికింది.

పట్టికలో చేరితే చాలదు; కంప్యూటరు భాషలకు కూడా అది తెలియాలి. బెంజమిన్ పీటర్సన్ అనే కోర్ డెవలపరు ఆ కొత్త పట్టికను పైథానులో చేర్చాడు. అదే నెల 27న విడుదలైన పైథాన్ 3.7లో గుంజాల అక్షరాలు అక్షరాలుగానూ, అంకెలు అంకెలుగానూ గుర్తింపు పొందాయి. ఆ అబ్బాయి నాకు చేసి చూపించాడు. మన తెలుగు అంకెల్లో ౧౨ అని ఇస్తే పైథాన్ దానిని పన్నెండుగా లెక్కలోకి తీసుకున్నది. గుంజాల గోండి అంకెలిచ్చినా అదే జవాబు. ఎక్కడో ఒకరు చేసిన పని మన అడవి గ్రామపు అంకెలదాకా వచ్చింది.

దీనితోనే గోండు పిల్లలకు చదువు వచ్చేస్తుందని నేను చెప్పను. బడి కావాలి, పుస్తకం కావాలి, ఇంట్లో ఆ భాష మాట్లాడాలి. అయినా లెక్కలోకి రాని అక్షరం కంప్యూటరులో నిలువదు గదా.

ఇక తండ్రి ప్రశ్న. ఈ పని చేసేవారిలో కొందరికి వారి కంపెనీలు జీతమిస్తాయి. అనేకులకు ఏమీ ముట్టదు. ఇది చేస్తే ఉద్యోగం తప్పక వస్తుందని చెప్పడం అబద్ధమవుతుంది. అయితే పరుల కోడు చదవడం, తన తప్పును నలుగురిలో ఒప్పుకొని దిద్దుకోవడం ఇక్కడ అలవడతాయి. చేసిన పని పేరుతో సహా అక్కడ నిలిచి ఉంటుంది; రేపు ఉద్యోగమిచ్చేవాడు తెరిచి చూసుకోవచ్చు. కోచింగుకు కట్టే వేల రూపాయలు దీనికి అక్కర లేదు. బాసర ట్రిపుల్ ఐటీలో, జగిత్యాల ఇంజనీరింగు కాలేజీలో చదివే మన పల్లెల పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

ఇద్దరినీ కూర్చుండబెట్టి మాట్లాడాను. పరీక్షలయ్యే వరకు రాత్రి పదింటికి మూసివేయమని, తండ్రి చేసిన అప్పును మరువవద్దని కొడుకుతో చెప్పాను. కొడుకు చేసే పనిని ఒకసారి పక్కన కూర్చుండి చూడమని తండ్రితో చెప్పాను. ఆయన చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఈ పేరు మనదేనారా?" అని తెర మీద వేలు పెట్టి అడిగాడు.

చదువరులారా, మీ ఇంట్లోనూ రాత్రివేళ కంప్యూటరు ముందు కూర్చుండే పిల్లవాడు ఉండవచ్చును. కోప్పడక ముందు ఒక్కసారి ఆ తెర వైపు చూసి, ఏం చేస్తున్నావని అడగండి.