సాంకేతిక విజ్ఞానము - ఇంజనీరింగు

మన తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలో చేరిన విద్యార్థి నాలుగేండ్ల పిదప సాధారణముగా పుచ్చుకొని వచ్చు పట్టము పేరు ‘బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ’. అనంతపురము, కాకినాడ ఇంజనీరింగు కళాశాలలు 1946లో పుట్టినవి. 1972లో అవియే హైదరాబాదు కళాశాలతో గూడి ‘టెక్నలాజికల్’ విశ్వవిద్యాలయమైనవి. ఒకే చదువునకు రెండు పేర్లు చెల్లుచుండగా రెండును ఒకటే యని జనులు తలచుటలో వింత లేదు. ఇది మాటల తగవే యైనచో నిఘంటుకారులకు విడిచిపెట్టి యూరకుండవచ్చును. కాని ఈ తికమకకు ప్రజాధనము మూల్యముగా చెల్లుచున్నది.

‘టెక్నే’ యనగా గ్రీకు భాషలో చేతిపని నేర్పు. ఆ నేర్పులనుగూర్చిన శాస్త్రమునకు టెక్నాలజీ యను పేరును 1829లో అమెరికాయందు జేకబ్ బిగిలో తన గ్రంథముతో వ్యాప్తికి తెచ్చెను. ఇంజనీరు మాటకు మూలమైన లాటిను పదమునకు సహజమైన బుద్ధి, కల్పనాశక్తి యని యర్థము. కోటలను పగులగొట్టు యంత్రములను కల్పించువానికి తొలుత ఆ పేరు చెల్లెను. మొదటి మాట ఒక విద్యను చెప్పును. రెండవది ఒక మనుష్యుని బుద్ధిని చెప్పును. సున్నము కాల్చు విధము, ఉక్కు కరగించు విధము, నీరు తోడు పంపు - ఇవి ఒకచోట పుట్టి మరియొకచోటికి పోగలవు. వానిని కొనవచ్చును, అమ్మవచ్చును. ఈ నేలపై, ఈ నదికి, ఈ వ్యయములో వానిలో ఏది తగునో నిశ్చయించి, ఆ నిశ్చయమునకు పూచీపడుట ఇంజనీరింగు.

గోదావరి కథనే చూడుడు. 1833 నాటి కరవు, 1839 నాటి ఉప్పెన ఆ మండలమును పాడుచేసినవి. ఆర్థర్ కాటను దొర 1847లో ధవళేశ్వరమున ఆనకట్టకు పూనుకొని 1852 నాటికి ముగించెను. అందలి ముఖ్యమైన నేర్పు సీమనుండి వచ్చినది కాదు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు విధమును ఈ దేశీయులనుండియే నేర్చుకొంటిమని ఆ దొరయే ఒప్పుకొనియున్నాడు. కావేరిపై చోళులనాటి కల్లణై వారికి బడి యైనది. ఆ విద్య మనదే యని మనము గర్వింపవచ్చును, తప్పు లేదు. కాని ఆ విద్య తెలిసియు గోదావరికి ఆనకట్ట లేకయే శతాబ్దములు గడచినవి గదా! కాటను చేసినది స్థలనిర్ణయము. నది కొండల నడుమ ఇరుకుగా పారుచోటును విడిచి, లంకలతో నాలుగు పాయలై పరచుకొన్న చోటును ఆయన యెన్నుకొనెను. వెడల్పు హెచ్చినకొలది కట్టపై పొర్లు నీటి మందము తగ్గును. పునాదిని త్రవ్వు బలమును తగ్గును. రాతికి ధవళేశ్వరపు కొండ ప్రక్కనే యున్నది. అచ్చటినుండి కాలువలు డెల్టాకంతకును పల్లముగా పారును.

ఇట్టి వివేచన మనవారికి లేదనుకొనరాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువునొద్ద 1369 నాటి సంస్కృత శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. నిత్యము వేయిమంది కూలీలు, రాతికి నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని అందున్నది. మంచి చెరువునకు పండ్రెండు అంగములు చెప్పబడినవి. పనియందు ఆరితేరిన కూలివాండ్రు అందొక యంగము మాత్రమే. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రము నెరిగిన విద్వాంసుడు, గట్టి బంకనేల, తీయని నీటి యేరు, దగ్గర రాతిగని - ఇవియు అందున్నవి. దోషములు ఆరు: కట్ట ఊట, చవిటినేల, నడుమ తాబేటివీపువంటి మెట్ట, నీరు తక్కువై పొలము ఎక్కువగుట, నీరు ఎక్కువై స్థలము చాలకుండుట, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. ఈ కడపటి దోషమును ఏ యంత్రమును తీర్పజాలదు. మన నదీజలవివాదములను వినుచున్న పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కాళేశ్వరము. రామడుగు మండలమున భూగర్భములో నెలకొల్పిన పంపులు ఒక్కొక్కటి 139 మెగావాట్లవి. అంతటి పంపులను నిలుపగలుగుట సామాన్యము కాదు. వానిని పొగడినవారు అబద్ధమాడలేదు. ఆ పొగడ్తలో మరుగుపడినది నదిగర్భము. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బారేజి, ధవళేశ్వరపు కట్టవలెనే, ఇసుకపై నిలిచినది. 2022 జూలై వరదలలో దాని సమీపమున కన్నేపల్లి పంపుల గృహము మునిగినది. 2023 అక్టోబరున బారేజి స్తంభములే క్రుంగినవి. జాతీయ ఆనకట్టల భద్రతా ప్రాధికార సంస్థ కొద్దిదినములకే నివేదిక నిచ్చి ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతాపరీక్ష, నిర్వహణ - నాలుగింటను లోపములు చూపినది. ఇసుకపై తేలునట్లు రూపకల్పన చేసిన కట్టడమును బిగిసిన కట్టడముగా నిర్మించిరనియు, పునాది క్రింది ఇసుక జారిపోయియుండవచ్చుననియు తెలిపినది. అటుపిమ్మట ఆ బారేజిలో నీరు నిలుపుట మానిరి.