టవర్ మన పక్కనే, మోగ్లీ మాత్రం హిందీలో

ఉప్పల్ రింగ్ రోడ్ నుంచి అంబర్‌పేట వైపు బస్సెక్కితే మధ్యలో రామంతాపూర్ వస్తుంది. దూరదర్శన్ కేంద్రం అక్కడే. మేముండేది నాచారంలో. డాబా ఎక్కితే ఆ టవర్ కనిపించేది. టీవీకి ఇంత దగ్గరగా పెరిగిన పిల్లలం కదా, మరి 90ల్లో మా ఆదివారం హీరో మోగ్లీ తెలుగులో ఎందుకు మాట్లాడలేదు? ఈరోజు అదే చూద్దాం.

'జంగిల్ బుక్' అసలు 1989లో జపాన్‌లో తీసిన కార్టూన్. కథ కిప్లింగ్‌ది, అడవి మన దేశానిది. దూరదర్శన్‌లో అది హిందీ డబ్బింగ్‌తో వచ్చింది. పాట రాసింది గుల్జార్, ట్యూన్ విశాల్ భరద్వాజ్‌ది. షేర్ ఖాన్‌కి గొంతు నానా పాటేకర్. ఆ గొంతు వినిపిస్తే మా తమ్ముడు మంచం కిందికి దూరేవాడు, అంతే!

ఇక హిందీ ఎందుకంటే... 1982 ఆగస్టు 15న నేషనల్ ప్రోగ్రాం మొదలైంది. ఢిల్లీలో వేసింది శాటిలైట్ ద్వారా రామంతాపూర్‌కి వస్తే, ఇక్కడి టవర్ దాన్ని మన యాంటెనాకి అందించేది. అంటే ఆ టైంలో మన టవర్ ఒక పైపు అన్నమాట. నీళ్లు ఢిల్లీవి. తెలుగు టైం సాయంత్రం. వార్తలు, రైతుల ప్రోగ్రాం, శుక్రవారం చిత్రలహరి. ఆదివారం పొద్దున మాత్రం ఢిల్లీదే.

దీని ఎఫెక్ట్ మా ఇంట్లో నానమ్మ మీద పడింది. రాత్రిళ్లు మాకు నక్క కథలు, పులి కథలు చెప్పేది ఆమే. మోగ్లీ టైంకి మాత్రం "గా పులి ఏమంటున్నది బిడ్డా?" అని నన్ను అడిగేది. డబ్బింగ్ ఆర్టిస్టుని నేనే. పక్కనుంచి తమ్ముడు "సప్పుడు చెయ్యకు" అని కసిరేవాడు. కొన్ని వారాలయ్యాక నానమ్మ అడగడం మానేసింది. పాట మొదలవగానే లేచి బియ్యం ఏరుకోవడానికి పోయేది. మేము హిందీ నేర్చుకున్నాం, నిజమే. కానీ జంతువుల కథలన్నీ తెలిసిన మనిషి ఆ అరగంట వేరే గదిలో ఉండేది.

ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యమేస్తుంది. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. అంతకుముందే తెలుగు పల్లెల్లో పిల్లలు తెలుగులో టీవీ చూశారు! 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ప్రయోగం నడిచింది. అమెరికా శాటిలైట్‌తో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 ఊళ్లకి టీవీ ఇచ్చారు. పొద్దున గంటన్నర బడి పిల్లలకే. హిందీ, ఒరియా, కన్నడ, తెలుగు, ఎవరి భాషలో వాళ్లకి. ఏడాది కాగానే శాటిలైట్ వెనక్కి వెళ్లిపోయింది, ప్రోగ్రాం ఆగిపోయింది. అంటే చేతకాక కాదు, చేసి చూపించి ఆపేశారు.

ఇప్పుడు కార్టూన్లు మన ఊళ్లోనే తయారవుతున్నాయి. 2008లో పోగోలో వచ్చిన ఛోటా భీమ్ హైదరాబాద్ కంపెనీదే, రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్‌ది. అయినా పేరు చూడండి: చిన్న భీముడు కాదు, ఛోటా భీమ్. ఊరు ఢోలక్‌పూర్.

మా మేనకోడలు అదే చూస్తుంది, ఫోన్‌లో. తెలుగు ఆడియోలో పెట్టిచ్చాను. పక్కన వాళ్ల అమ్మమ్మ కూర్చుని భీమ్ కంటే ముందే నవ్వుతోంది.